ట్యాబ్‌తో ఆకాశం చూడటం ఎలా: విశాఖ డాబాల నుంచి అరకు దాకా

"యాప్‌లో వేల చుక్కలున్నాయి, మా డాబా మీద నుంచి ఇరవై కూడా లెక్కకు రావట్లేదు."

"చంద్రుడు సముద్రం మీద ఉంటే యాప్ పోర్టు వైపు చూపిస్తోంది."

"ట్యాబ్ చూసి తలెత్తితే అంతా చీకటే, ఏమీ కనబడదు."

తిప్పి తిప్పి ఈ మూడే అడుగుతున్నారు. మూడింటికీ మందు ఒకటే. ట్యాబ్‌తో పడాల్సిన తంటాలో ముప్పాతిక వంతు ఇంట్లో, లైటు కింద, మంచం మీద కూర్చుని పడాలి. ఆకాశం కిందకు వెళ్లాక ట్యాబ్ ఎంత తక్కువ చూస్తే అంత మేలు. కింది వరుస అంతా ఈ లెక్కలోనే రాశాను. మధ్యలోంచి మొదలుపెడితే మాత్రం మళ్లీ ఆ మూడు ప్రశ్నల దగ్గరికే వస్తారు.

1. ముందు మీ ట్యాబ్ సంగతి తేల్చుకోండి

ట్యాబ్‌ని ఆకాశం వైపు ఎత్తితే అటున్న చుక్కల పేర్లు తెర మీదకు రావాలి. అలా రావాలంటే లోపల నాలుగు ఉండాలి. మీరెక్కడున్నారో చెప్పడానికి జీపీఎస్, ఉత్తరం ఎటో చెప్పడానికి కంపాస్, ట్యాబ్‌ని ఎంత వంచారో చెప్పడానికి యాక్సిలరోమీటర్, తిప్పుతున్నప్పుడు బొమ్మ వణక్కుండా గైరోస్కోప్.

ఫోన్లలో సాధారణంగా ఇవన్నీ ఉంటాయి. ట్యాబ్‌ల దగ్గరే చిక్కు. పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న చవక ట్యాబ్‌లు చాలావాటిలో కంపాస్, గైరోస్కోప్ ఉండవు. యాప్ తెరుచుకుంటుంది, చుక్కలు కనిపిస్తాయి, కానీ ట్యాబ్ ఎటు తిప్పినా బొమ్మ కదలదు. దాన్ని తీసేసి మళ్లీ ఎక్కించి, రీస్టార్ట్ చేసి నేను రెండు సాయంత్రాలు పాడుచేసుకున్నాను. లేని సెన్సర్ ఎన్నిసార్లు రీస్టార్ట్ చేస్తే మాత్రం వస్తుంది?

ఆండ్రాయిడ్ ట్యాబ్ అయితే ఉచితంగా దొరికే స్కై మ్యాప్ యాప్ వేసుకుని, మెనూలో డయాగ్నస్టిక్స్ అనే పేజీ తెరవండి. ఏ సెన్సర్ ఉందో, ఏది లేదో అక్కడ వరుసగా ఉంటుంది. ట్యాబ్ కొనబోయేవాళ్లు షాపులో డెమో పీసు మీదే ఈ పరీక్ష చేయొచ్చు.

ఐప్యాడ్ వాళ్లకు ఒక మాట. వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో కంపాస్ ఉంటుంది, జీపీఎస్ ఉండదు. ఇంట్లో వైఫైని బట్టి స్థలం కనుక్కుంటుంది కాబట్టి తేడా తెలియదు. వైఫై లేని కొండ మీదకు వెళ్లాక తెలుస్తుంది. సిమ్ వేసుకునే మోడల్లో జీపీఎస్ ఉంటుంది.

కంపాస్ లేదని ట్యాబ్ పక్కన పడేయకండి. వేలితో తెరను లాగుతూ ఆకాశాన్ని తిప్పుకోవచ్చు. ఉత్తరం ఎటో మీరే కనుక్కోవాలి, అంతే. నిజానికి ఇలా నేర్చుకున్నవాళ్లకే దిక్కులు బాగా గుర్తుంటాయి.

2. యాప్‌లు: మూడు చాలు

ఒకటి ఆకాశ పటానికి, ఒకటి స్పేస్ స్టేషన్ (అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం) రాకపోకలకు, ఒకటి మబ్బులకు. పదిహేను యాప్‌లు నింపుకున్నవాళ్లు ఏదీ సరిగ్గా నేర్చుకోరు.

ఆకాశ పటానికి స్టెల్లేరియం నా మొదటి మాట. ఉచిత వెర్షన్‌తోనే ఏడాది గడిపేయొచ్చు. డబ్బు కట్టే ప్లస్ వెర్షన్ నెట్ లేకపోయినా 20 లక్షల నక్షత్రాలు చూపిస్తుంది, టెలిస్కోప్‌ని కూడా నడుపుతుంది. ఇంట్లో టెలిస్కోప్ లేనప్పుడు అది ఇప్పుడే అక్కర్లేదు. స్కైసఫారీ కూడా మంచిదే, చదువుకోవడానికి సమాచారం ఎక్కువ. ట్యాబ్ పాతదై, మెమరీ తక్కువుంటే స్కై మ్యాప్ తేలిగ్గా నడుస్తుంది. మొదట్లో ఇది గూగుల్ వాళ్లది, 2012లో అందరికీ ఓపెన్ సోర్స్‌గా ఇచ్చేశారు.

స్టేషన్ కోసం హెవెన్స్ అబవ్. మబ్బుల కోసం వాతావరణ శాఖ వారి మౌసం యాప్ గానీ, విండీ గానీ.

స్టోర్‌లో తెలుగులో "నక్షత్రాలు" అని వెతికితే ఎక్కువగా జాతకాల యాప్‌లే వస్తాయి. యాప్ పేరుతోనే వెతకండి. కాంటాక్టులు చూస్తానని అడిగే ఆకాశ యాప్‌ని నమ్మొద్దు, దానికి కావలసింది మీ లొకేషన్ ఒక్కటే. ట్యాబ్ పిల్లల చేతిలో ఉంటే కొనుగోళ్లకు పాస్‌వర్డ్ పెట్టండి.

3. ఇంట్లో చేయాల్సిన సెట్టింగులు

అసలు పని ఇక్కడుంది. అరగంట పడుతుంది, తొందరపడొద్దు.

*స్థలం.* లొకేషన్ ఆటోమేటిక్‌గా రాకపోతే చేత్తో కొట్టండి: 17.7 డిగ్రీల ఉత్తరం, 83.3 డిగ్రీల తూర్పు. గాజువాకలో ఉన్నా, మధురవాడలో ఉన్నా ఈ అంకెలు చాలు. టైమ్ జోన్ మన భారత కాలమానం, అంటే గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందు. కొన్ని యాప్‌లు మొదటిసారి తెరిచినప్పుడు ఎక్కడో విదేశీ నగరాన్ని పెట్టుకుని కూర్చుంటాయి. అది చూసుకోకుండా వెళ్లేవాళ్లే ఎక్కువ.

సరిగ్గా పడిందో లేదో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. యాప్‌లో ధ్రువ నక్షత్రాన్ని, అంటే పొలారిస్‌ని వెతికి నొక్కండి. దాని ఎత్తు ఆల్టిట్యూడ్ అని కనిపిస్తుంది. విశాఖలో అది 17 నుంచి 18న్నర డిగ్రీల మధ్య ఉండాలి. మనం భూమధ్యరేఖకు ఉత్తరంగా ఎన్ని డిగ్రీల్లో ఉన్నామో ధ్రువుడు ఉత్తర దిక్కున దాదాపు అన్ని డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 28 అని వచ్చిందంటే మీ యాప్ ఢిల్లీలో ఉందన్నమాట.

ఇంకో పరీక్ష నాకు ఇష్టమైనది. తేదీని జనవరి 14, టైము రాత్రి తొమ్మిదికి మార్చండి. రోహిణి (యాప్‌లో ఆల్డెబరాన్) దాదాపు నడినెత్తిన, ఒకటి రెండు డిగ్రీల తేడాలో ఉండాలి. సంక్రాంతి రాత్రి విశాఖలో ఎవరైనా డాబా మీద వెల్లకిలా పడుకుని చూసుకోవచ్చు.

*సమయం.* ట్యాబ్ గడియారం ఆటోమేటిక్‌లో ఉండాలి. యాప్‌లో తేదీ మార్చి ఆడుకున్నాక "నౌ" బటన్ నొక్కి వెనక్కి రావడం మరిచిపోకండి. నిన్న రాత్రి ఆకాశాన్ని పట్టుకుని ఇవాళ గురుగ్రహం కోసం వెతికే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది.

ఆడుకోవాలనుకుంటే 1980 ఫిబ్రవరి 16కి వెళ్లి, మధ్యాహ్నం మూడున్నర నుంచి నిమిషం నిమిషం నడపండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే సూర్యగ్రహణం అదే. హైదరాబాద్ దగ్గర రంగాపూర్ అబ్జర్వేటరీ స్థలం పెడితే సూర్యుడు పూర్తిగా మూసుకుపోతాడు, విశాఖ పెడితే సన్నటి వంక మిగులుతుంది. స్థలం మారితే ఆకాశం ఎంత మారుతుందో పిల్లలకు ఇంతకంటే బాగా చెప్పలేం.

*చుక్కల సంఖ్య.* మొదటి ప్రశ్నకు జవాబు ఇది. నక్షత్రాల వెలుగును మాగ్నిట్యూడ్ అనే అంకెతో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ చుక్క మసకబారుతుంది. చీకటి ఊళ్లో మామూలు కంటికి ఆరు దాకా కనబడతాయి. మన ఊళ్లో పోర్టు దీపాలు, స్టీల్ ప్లాంటు వెలుగు, బీచ్ రోడ్డు హైమాస్ట్ లైట్లు కలిసి మూడున్నర దగ్గరే ఆపేస్తాయి. యాప్‌కి ఈ సంగతి తెలియదు. అది ఎవరూ లేని ఎడారిలో ఉన్నట్టు అన్నీ చూపిస్తుంది.

సెట్టింగ్స్‌లో లైట్ పొల్యూషన్ అనో, మాగ్నిట్యూడ్ లిమిట్ అనో ఒక జారుడు బటన్ ఉంటుంది. ఊళ్లో డాబాకి 3.5, భీమిలి తీరానికి 4.5, అరకుకి 6 అని నేను పెట్టుకుంటాను. మీ కంటిని బట్టి కాస్త అటూ ఇటూ చేసుకోండి. యాప్‌లో ఇలాంటి బటన్ లేకపోతే వేళ్లతో బొమ్మను పెద్దది చేయకుండా (జూమ్ చేయకుండా) చూడండి, మసక చుక్కలు వాటంతటవే తగ్గుతాయి.

ఈ ఒక్క మార్పుతో తెర మీద ఆకాశం, పైన ఆకాశం ఒకదానికొకటి పోలికకు వస్తాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక, కరెంటు లేని రాత్రుల్లో మా వీధిలో కనబడిన చుక్కల్ని చూస్తే యాప్ చూపించేది అబద్ధం కాదని తెలిసింది. అడ్డొస్తున్నవి మన లైట్లే.

*నేల గీత.* హొరైజన్, ల్యాండ్‌స్కేప్ ఆన్‌లో ఉంచండి. లేకపోతే నేల కింద ఉన్నవి కూడా చూపిస్తుంది. రాత్రి తొమ్మిదికి ట్యాబ్‌ని కాళ్ల వైపు దించి "సూర్యుడు దొరికాడు" అన్న పిల్లలు మా ఇంట్లోనే ఉన్నారు.

*చెత్త తగ్గించడం.* రాశుల బొమ్మలు, నీహారికల ఫొటోలు, ఉపగ్రహాలు, తోకచుక్కలు అన్నీ ఆపేయండి. గ్రహాల పేర్లు, పెద్ద చుక్కల పేర్లు, వాటిని కలిపే గీతలు ఉంటే చాలు. కెమెరాతో కలిపి చూపించే ఏఆర్ మోడ్ కూడా వద్దు. రాత్రిపూట కెమెరాకు ఏమీ కనబడదు, బ్యాటరీ మాత్రం తాగేస్తుంది.

*నెట్ లేకుండా.* చివరిగా ఏరోప్లేన్ మోడ్ వేసి యాప్ మూసి మళ్లీ తెరవండి. తెరుచుకుని చుక్కలన్నీ వస్తే అరకు లోయలోనూ వస్తాయి. లాగిన్ అడిగినా, గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయినా, ఆ బాధేదో ఇంట్లోనే తీర్చుకోవాలి.

4. ఎర్ర తెర

చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు కావాలి. తెల్లటి తెర ఒక్క క్షణం చూస్తే ఆ అరగంటా గంగలో కలిసినట్టే. ఎరుపు వెలుగు కంటిని అంతగా చెడగొట్టదు. ఫోన్ కంటే ట్యాబ్ తెర పెద్దది కాబట్టి ఇక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి.

మంచి ఆకాశ యాప్‌లలో నైట్ మోడ్ ఉంటుంది, నొక్కితే అంతా ఎర్రబడుతుంది. కానీ అది యాప్ వరకే. పై నుంచి వాట్సాప్ మెసేజ్ జారితే, కీబోర్డ్ తెరుచుకుంటే, మళ్లీ తెల్లటి వెలుగు. అందుకని ట్యాబ్ మొత్తాన్నీ ఎర్రగా మార్చాలి.

ఐప్యాడ్‌లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్, కలర్ ఫిల్టర్స్, కలర్ టింట్. రంగును పూర్తి ఎరుపుకు జరపండి. యాక్సెసిబిలిటీ షార్ట్‌కట్‌లో దీన్ని చేర్చుకుంటే బటన్ మూడుసార్లు నొక్కగానే వస్తుంది, పోతుంది. ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాతి వాటిలో ఎక్స్‌ట్రా డిమ్ అని ఉంటుంది, బ్రైట్‌నెస్ మామూలు కనిష్ఠం కంటే ఇంకా తగ్గుతుంది.

ఇవన్నీ చేసినా ఎల్‌సీడీ తెర నలుపు అసలు నలుపు కాదు, వెనక బూడిద వెలుగు కారుతూనే ఉంటుంది. దానికి పాత మందే గొప్ప మందు. స్టేషనరీ కొట్లో ఎర్ర జిలాటిన్ కాగితం కొని, రెండు పొరలు చేసి, తెర కంటే అంగుళం పెద్దగా కత్తిరించి, నాలుగు మూలలా సెలోటేప్ వేయండి. వేలు పని చేస్తుంది. అదే కాగితం ముక్క ఒకటి టార్చికి రబ్బర్ బ్యాండ్‌తో చుట్టేయండి.

డు నాట్ డిస్టర్బ్ వేయండి. ఆటో రొటేట్ ఆపేయండి, లేకపోతే పడుకుని ట్యాబ్ ఎత్తినప్పుడల్లా బొమ్మ గిర్రున తిరుగుతుంది.

5. ఎప్పుడు, ఎక్కడికి

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, అక్టోబరులో, నవంబరు మొదట్లో అల్పపీడనాల టెన్షన్. నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా మనకు మంచి రోజులు. డిసెంబరులో ఐదున్నరకే సూర్యుడు దిగిపోతాడు, ఏడింటికల్లా పూర్తి చీకటి. పిల్లల్ని కూడా మేల్కొలపక్కర్లేదు.

అమావాస్యకు అటూ ఇటూ ఐదేసి రోజులు చుక్కలకు మంచివి. పౌర్ణమి రోజు చంద్రోదయానికి మంచిది. సూర్యుడు కొండల వెనక దిగే వేళకే అటు సముద్రం మీద చంద్రుడు లేస్తాడు. అయితే నీటి మీద మంచుపొర, తక్కువ మబ్బులు ఉంటాయి కాబట్టి యాప్ చెప్పిన టైముకు ఐదు పది నిమిషాలు ఆలస్యంగా కనబడతాడు. యాప్ తప్పు కాదు, కంగారు పడొద్దు.

డాబా: సాధనకు ఇదే బడి. పిట్టగోడ నీడలో, వీధి లైటు కంటికి తగలని మూల చూసుకోండి.

ఆర్కే బీచ్: లైట్లెక్కువ. కానీ తూర్పు నుంచి దక్షిణం దాకా అడ్డేమీ లేని సముద్రం. మే మధ్యలో రాత్రి తొమ్మిదికి దక్షిణాన నీటి మీద 12 డిగ్రీల ఎత్తులో త్రిశంకు నక్షత్ర మండలం (యాప్‌లో క్రక్స్) నిలబడుతుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ నైరుతిలో ఉంది కాబట్టి అడ్డం రాదు. ఒక్కటి గుర్తుంచుకోండి, దూరంగా లంగరేసిన ఓడల దీపాలు నీటి అంచున వరుసగా ఉంటాయి. యాప్‌లో వాటి పేర్లు వెతక్కండి.

భీమిలి వైపు: ఊరి వెలుగు నైరుతి దిక్కున మిగిలిపోతుంది, తూర్పు బాగుంటుంది.

అరకు: విశాఖ నుంచి 115 కిలోమీటర్ల దూరం, సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన. గాలి పలచన, లైట్లు తక్కువ. కానీ చలికాలం తెల్లవారుజామున పొగమంచు దిగుతుంది. చాలామంది "రాత్రి పడుకుని నాలుగింటికి లేద్దాం" అనుకుని మంచులో కూర్చుని వస్తారు. ఏడింటి నుంచి అర్ధరాత్రి లోపే చూసేయండి. రిసార్టు వాళ్లను అడిగి తోటలో లైట్లు ఓ గంట ఆపించుకోవడం మీ నోటి మంచితనాన్ని బట్టి ఉంటుంది.

బయలుదేరే మధ్యాహ్నం మబ్బుల ఉపగ్రహ చిత్రం ఒకసారి చూడండి. యాప్‌లో సూర్యుడి బొమ్మ పక్కన ఉన్న శాతాల కంటే ఆ చిత్రంలో తెల్లటి మేఘం ఎటు జరుగుతోందో చూడటం నయం.

6. అక్కడికి వెళ్లాక మొదట కంపాస్

రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడ. మొదటిసారి మా మేనల్లుడితో బీచ్‌కి వెళ్లినప్పుడు అక్కడ మ్యూజియంగా నిలబెట్టిన కురుసుర సబ్‌మెరైన్ పక్కనే దుప్పటి పరిచాం. సముద్రం వైపు ధగధగా గురుడు కనిపిస్తుంటే, యాప్ మాత్రం రోడ్డవతల హోటళ్ల వైపు బాణం చూపిస్తోంది. "మావయ్యా, ఇది హోటల్‌కి దారి చూపించే యాపా?" అన్నాడు వాడు. తొంభై మీటర్ల ఇనప ఓడ పక్కన కూర్చుని కంపాస్‌ని నిజం చెప్పమంటే ఎలా చెబుతుంది? దుప్పటి చుట్టుకుని దూరంగా ఇసుకలోకి నడిచాం, ట్యాబ్ అట్ట తీసేశాం, గాలిలో ఎనిమిది అంకె నాలుగుసార్లు తిప్పాం. బాణం వచ్చి గురుడి మీద కూర్చుంది.

కాబట్టి వరుస ఇదీ:

- కారు, స్కూటరు, ఇనప రెయిలింగు, నీళ్ల ట్యాంకు మెట్లు, వీటికి పది అడుగుల దూరం జరగండి. పెద్ద ఇనుమైతే ఇంకా దూరం.
- అయస్కాంతం పెట్టిన అట్ట ఉంటే తీసేయండి. నూటికి యాభై గొడవలు ఇక్కడే తీరతాయి.
- ట్యాబ్‌ని రెండు చేతులతో పట్టుకుని గాలిలో ఎనిమిది అంకె గీయండి. పెద్ద ట్యాబ్‌తో ఇది చేసేటప్పుడు పక్కవాళ్ల ముక్కు చూసుకోండి.
- చంద్రుణ్ణో, గుర్తుపట్టగల గ్రహాన్నో చూసి సరిపోల్చండి. రెండు మూడు డిగ్రీల తేడా మామూలే.

డాబా మీద ఎంత చేసినా తేడా వస్తే స్లాబులో ఊచలు ఉన్నాయని గుర్తు. నేల మీద పెట్టకుండా ఛాతీ ఎత్తులో పట్టుకుని చూడండి. అప్పటికీ కుదరకపోతే కంపాస్‌ని ఆపేసి, వేలితో తిప్పుకోండి.

7. మొదటి గంట

సంక్రాంతి రోజులు అనుకుందాం. మిగతా నెలల్లో చుక్కలు మారతాయి, పద్ధతి ఇదే.

సూర్యాస్తమయానికి ముందే చేరుకోండి. సూర్యుడు ఎక్కడ దిగాడో చూసుకుంటే పడమర తెలిసిపోతుంది. తర్వాత ఇరవై నిమిషాలు ట్యాబ్ సంచిలోనే ఉండాలి. పల్లీలు తినండి, కబుర్లు చెప్పుకోండి.

ముందు కన్ను, తర్వాత యాప్. పైన ప్రకాశంగా ఉన్న ఒక చుక్కను మీరే ఎంచుకుని, అది ఏ దిక్కున, ఎంత ఎత్తులో ఉందో నోటితో అనుకుని, అప్పుడు ట్యాబ్ తీయండి. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే అది 10 డిగ్రీలు. పది సెకన్లు చూసి, పేరు తెలుసుకుని, ట్యాబ్ బోర్లించేయండి. మళ్లీ పైకి.

తూర్పున ఒకే గీతలో మూడు చుక్కలు దగ్గర దగ్గరగా, దాదాపు నిలువుగా కనబడతాయి. అది వేటగాడి నడికట్టు, యాప్‌లో ఒరాయన్. ఆ గీతను కిందకు పొడిగిస్తే ఆకాశంలోకెల్లా ప్రకాశవంతమైన నక్షత్రం సిరియస్, మన మృగవ్యాధుడు. పైకి పొడిగిస్తే ఎర్రటి రోహిణి, ఇంకా పైకి గుత్తిలా కృత్తికలు. మూడు చుక్కల సాయంతో మూడు చిరునామాలు దొరికాయి, ఇంతవరకూ యాప్ అవసరమే రాలేదు. ఇప్పుడు తెరిచి సరిచూసుకోండి.

తొమ్మిది దాటాక దక్షిణం వైపు తిరిగితే సముద్రం మీద పిడికిలిన్నర ఎత్తులో ఒంటరిగా వెలిగేది అగస్త్యుడు, యాప్‌లో కనోపస్. ఉత్తర భారతంలో ఇది నేలను అంటుకుని ఉంటుంది, మనకు మాత్రం హాయిగా కనబడుతుంది.

బైనాక్యులర్ ఉంటే ఇప్పుడు తీయండి. గురుడి పక్కన చిన్న చుక్కలు ఒకే గీతలో కనిపిస్తే, యాప్‌లో గురుణ్ణి పెద్దది చేసి ఏది ఏ చంద్రుడో పేర్లు పెట్టుకోండి. ట్యాబ్ ఇంతకంటే గొప్పగా ఇంకెక్కడా పనికిరాదు.

పగటిపూట ఒక హెచ్చరిక: యాప్‌తో సూర్యుణ్ణి వెతకొచ్చు గానీ అటు బైనాక్యులర్ ఎత్తకూడదు, పిల్లల చేతికి అసలే ఇవ్వకూడదు. రాత్రి చుక్కలు చూపించడానికి ఆకుపచ్చ లేజర్ కూడా వద్దు. మన ఊరి మీద విమానాలు, నేవీ హెలికాప్టర్లు తిరుగుతుంటాయి.

8. స్పేస్ స్టేషన్ కోసం

ఇది నేల నుంచి 400 కిలోమీటర్ల ఎత్తులో, గంటన్నరకోసారి భూమిని చుడుతుంది. సూర్యాస్తమయం తర్వాత కొంతసేపు, సూర్యోదయానికి ముందు కొంతసేపు మాత్రమే కనబడుతుంది. కింద మనకు చీకటి, పైన దానికి ఎండ ఉండాలి మరి.

హెవెన్స్ అబవ్‌లో విశాఖ పెట్టి, రాబోయే రోజుల పట్టిక చూడండి. ఎత్తు 40 డిగ్రీలు దాటే రోజే ఎంచుకోండి, అంతకంటే తక్కువైతే భవనాలు మింగేస్తాయి. కనిపించేది ఆరేడు నిమిషాలకు మించదు, కాబట్టి అలారం ఐదు నిమిషాల ముందుకు పెట్టుకోండి. మిణుకుమనకుండా, ఎర్ర లైటు లేకుండా, చప్పుడు లేకుండా సాగిపోతే స్టేషన్. నడి ఆకాశంలో ఉన్నట్టుండి మాయమైతే భూమి నీడలోకి వెళ్లిందన్నమాట.

కక్ష్య సమాచారం కొద్ది రోజుల్లోనే పాతబడుతుంది. చూసే రోజు ఉదయం నెట్ ఆన్ చేసి యాప్ ఒకసారి తెరిచి ఉంచాలి.

9. పంచాంగంతో పోల్చుకునేవాళ్లకు

మా పై వాటాలో మామ్మగారు ఒకరోజు డాబా మీదకొచ్చి, "క్యాలెండర్‌లో ఇవాళ రోహిణి అనుంది బాబూ, నీ పలకలో ఏం రాసుంది?" అని అడిగారు. చూశాను. చంద్రుడి పక్కనే ఆల్డెబరాన్. "ఇదేనండీ మామ్మగారూ, మీ రోహిణే" అంటే ఆవిడ తెర కేసి చూడనే లేదు, తలెత్తి చంద్రుణ్ణే చూస్తూ నిలబడ్డారు.

యాప్‌లో వెతకడానికి పేర్లు: కృత్తిక ప్లయడీస్, రోహిణి ఆల్డెబరాన్, ఆర్ద్ర బెటెల్‌జూస్, మఖ రెగ్యులస్, చిత్త స్పైకా, స్వాతి ఆర్క్‌ట్యూరస్, జ్యేష్ఠ అంటారెస్, శ్రవణం ఆల్టెయిర్, అభిజిత్తు వేగా. స్టెల్లేరియంలో స్కై కల్చర్స్‌లోకి వెళితే భారతీయ పద్ధతి కూడా ఎంచుకోవచ్చు.

పోల్చుకోవడానికి కృత్తిక, రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ రోజులు మంచివి, చంద్రుడు ఆ చుక్కల దగ్గరగా వెళతాడు. స్వాతి, శ్రవణం రోజుల్లో ఆ చుక్క చంద్రుడికి చాలా ఉత్తరంగా ఉంటుంది. పంచాంగం తప్పనో, యాప్ తప్పనో అనుకోవద్దు.

మకర సంక్రాంతి రోజు యాప్‌లో సూర్యుడు ధనుస్సులో ఉన్నాడేమిటని కూడా అడుగుతుంటారు. పంచాంగం ఆకాశాన్ని 30 డిగ్రీల చొప్పున పన్నెండు సమాన భాగాలు చేస్తుంది. యాప్ వాడేది 1930లో ఖాయమైన 88 నక్షత్ర మండలాల సరిహద్దులు, అవి ఒక్కోటి ఒక్కో సైజు. కొలబద్దలు రెండు, అంతే.

10. ఇంకొన్ని ఇబ్బందులు

బొమ్మ వణుకుతోంది: గైరోస్కోప్ లేదు. ట్యాబ్‌ని స్టాండుకో, కుర్చీ వీపుకో ఆనించి ఒకే దిక్కు చూడండి.

శని వలయాలు యాప్‌లో కనబడుతున్నాయి, పైన చుక్కే ఉంది: యాప్ చూపించేది బొమ్మ, అది దూరదర్శిని కాదు. వలయాలకు టెలిస్కోప్ కావాలి.

బ్యాటరీ రెండు గంటలకే అయిపోతోంది: వైఫై, బ్లూటూత్, కెమెరా ఆపండి. పేరు తెలియగానే తెర ఆపేయడం అలవాటైతే సగం మిగులుతుంది.

ఉల్కలు ఒక్కటీ చూడలేదు: డిసెంబరు 13, 14 రాత్రుల్లో జెమినిడ్స్ వస్తాయి. యాప్‌లో అవి పుట్టే దిక్కు చూసుకుని ట్యాబ్ మూసేయండి. తెర చూస్తున్న క్షణంలోనే పెద్దది పడుతుంది, ఇది నా అనుభవం.

11. బయలుదేరే ముందు

- ట్యాబ్, పవర్ బ్యాంకు నిండా ఛార్జి
- ధ్రువుడి ఎత్తు 17, 18న్నర మధ్య ఉందని సరిచూసుకున్నారా
- ఏరోప్లేన్ మోడ్‌లో యాప్ తెరుచుకుందా
- ఎర్ర కాగితం, ఎర్ర టార్చి
- చాప, దుప్పటి, దోమల క్రీము, మంచినీళ్లు
- జిప్ కవరు, మెత్తటి గుడ్డ

చివరి రెండూ ఎందుకంటే, సముద్రపు గాలిలో ఉప్పు, చలి రాత్రుల్లో మంచు రెండూ ట్యాబ్ మీద చేరతాయి. వాడనప్పుడు జిప్ కవరులో పెట్టండి. ఇసుక మీద మాత్రం ఎప్పుడూ బోర్లించొద్దు, చాప మీదే. ఇంటికి రాగానే కొద్దిగా తడిపిన గుడ్డతో తెర, అంచులు తుడిచి, ఆ తర్వాత పొడిగుడ్డ వేయండి. ఛార్జింగ్ రంధ్రం తడిగా ఉన్నట్టు అనిపిస్తే ఫ్యాను కింద తెల్లారేదాకా వదిలేసి, పొద్దున్నే ఛార్జింగ్ పెట్టండి.